ముంబైలో వలస వీసా ఇంటర్వ్యూ: భర్త మొదటి పెళ్లి సంగతి అడిగితే ఏం చెప్పాలి? రెండేళ్లు నిండాక బయలుదేరవచ్చా?

ప్రశ్న: మున్నేటి ఒడ్డు

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. బీఎస్సీ నర్సింగ్ చదివి ఇక్కడే ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. మా వారు అమెరికా పౌరులు, టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటారు. పెళ్లయి ఇరవై రెండు నెలలు నిండాయి. భార్యగా నన్ను అక్కడికి తీసుకెళ్లడానికి ఆయన వేసిన ఐ-130 పిటిషన్‌కు ఆమోదం వచ్చింది. ఇంటర్వ్యూకు ముందు కాగితాలు పరిశీలించే నేషనల్ వీసా సెంటర్‌కు రుసుములు కట్టి, డీఎస్-260 అనే వలస వీసా దరఖాస్తు నింపి, కాగితాలన్నీ ఎక్కించిన తర్వాత ఇప్పుడు ముంబై కాన్సులేట్‌లో వచ్చే నెల ఇంటర్వ్యూకు రమ్మని ఉత్తరం వచ్చింది. అక్కడికి వెళ్లే ముందు పెద్దలను, అనుభవజ్ఞులను అడిగి తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

నన్ను ఎక్కువగా వేధిస్తున్న విషయం ముందుగా చెబుతాను. మా వారికి ఇది రెండో పెళ్లి. మొదటి వివాహం అమెరికాలోనే జరిగి, అక్కడి కోర్టులోనే విడాకులయ్యాయి. సంబంధం మాట్లాడుకునే రోజుల్లోనే ఆయన ఈ సంగతంతా నాకూ మా అమ్మానాన్నలకూ దాచకుండా చెప్పారు, మాకు ఏ అభ్యంతరమూ లేకపోయింది. అయితే ఇరువైపుల బంధువుల్లో చాలామందికి ఈ విషయం తెలియదు. అందువల్ల మా అత్తగారు, ఇంటర్వ్యూలో వాళ్లంతట వాళ్లు అడిగితే తప్ప ఆ మాట ఎత్తవద్దనీ, అడిగినా నాకు వివరాలు తెలియవని చెప్పమనీ అంటున్నారు. మా ఊళ్లో వీసా కాగితాలు చూసిపెట్టే కన్సల్టెంటు ఒకాయన కూడా అదే సలహా ఇచ్చి, పైగా ప్రశ్నలూ జవాబులూ అచ్చువేసిన ఒక పుస్తకం చేతిలో పెట్టి బట్టీ పట్టమన్నారు. మా వారు మాత్రం అడిగింది చెప్పెయ్యమంటున్నారు. నాకు మనసులో ఆయన మాటే సరైనదనిపిస్తున్నా, ధైర్యం చాలడం లేదు.

రెండో సంగతి ఫొటోలు. పెళ్లికి ఆయనకు దొరికిన సెలవు మూడు వారాలే. తర్వాత ఒకసారి సంక్రాంతికి వచ్చి వెళ్లారు. కాబట్టి పెళ్లి ఆల్బమ్ తప్ప మేమిద్దరం కలిసి ఉన్న చిత్రాలు తక్కువ. మూడోది నా పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది, మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రంలో శిశువు పేరు ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది. నాలుగోది, మా వారి ఉద్యోగం నిరుడు పోయి, కొత్తది దొరికి అయిదు నెలలే అయింది. అందుకని మా బావగారు, అంటే ఆయన అన్నగారు, ఆయనతో పాటు నాకు ఆర్థిక హామీ ఇచ్చే సహ స్పాన్సర్‌గా సంతకం చేస్తానంటున్నారు. అది అవసరమా?

చివరిగా, రెండేళ్లు నిండకముందే అక్కడికి చేరితే రెండేళ్ల గ్రీన్ కార్డే ఇస్తారని విన్నాను. వీసా వచ్చాక కొంత ఆగి వెళ్లడం మంచిదా?

సమాధానం: కరీంనగర్ కోడలు

మీరు రాసినది చదువుతుంటే నా సంగతి నేనే చదువుకుంటున్నట్టు అనిపించింది. మా వారికీ ఇది రెండో వివాహమే. అందుచేత ఆ ఒక్క విషయం గురించే వివరంగా రాస్తాను, మిగతావి తెలిసినవారు చెబుతారు.

ముందుగా మీరు గుర్తు పెట్టుకోవలసింది, ఆ సంగతి ఇప్పటికే వాళ్ల దగ్గర ఉంది. ఐ-130 దరఖాస్తులో మీ వారి పూర్వ వివాహం, అది ఎప్పుడు, ఎలా ముగిసిందీ రాయాల్సిన గళ్లు ఉంటాయి. విడాకుల తీర్పు నకలు దానికి జతచేయకపోతే పిటిషన్ ఆమోదమే పొందదు. కిటికీ అవతల కూర్చున్న అధికారి ముందు ఆ దస్త్రమంతా తెరిచి ఉంటుంది. ఆయన ఆ ప్రశ్న వేసేది కొత్తగా సమాచారం రాబట్టడానికి కాదు. పెళ్లి చేసుకున్న మనిషికి తన భర్త గతం ఎంత తెలుసో, ఇది నిజంగా కాపురం చేయడానికి కుదుర్చుకున్న పెళ్లో కాదో తేల్చుకోవడానికి. అలాంటి చోట "నాకు తెలియదు" అన్నారంటే రెండు విధాలా నష్టమే. నిజంగా తెలియదని నమ్మితే, ఇంత పెద్ద విషయం చెప్పకుండా పెళ్లి చేశారా అని సందేహిస్తారు. తెలిసీ దాచారని అనుకుంటే వ్యవహారం ఇంకా ముదురుతుంది. అసలు విషయాన్ని కావాలని దాచి లేదా తప్పుగా చెప్పి వీసా పొందాలని చూసినట్టు తేలితే, అమెరికా వలస చట్టంలోని 212(ఎ)(6)(సి) సెక్షన్ కింద జీవితాంతం ప్రవేశం నిరాకరించే అధికారం వాళ్లకు ఉంది. దాన్ని మాఫీ చేయించుకోవాలంటే ఐ-601 అనే వేరే దరఖాస్తు పెట్టి, మీరు రాకపోతే మీ వారికి తీవ్రమైన కష్టం కలుగుతుందని నిరూపించుకోవాలి. బంధువుల నోళ్లకు జడిసి ఆ ఊబిలోకి దిగడం ఎందుకండీ?

మీ అత్తగారి బాధ నాకు అర్థమవుతుంది. పది మందిలో మాట పడకూడదన్నదే ఆవిడ తాపత్రయం. కాని ఆ కిటికీ దగ్గర మీరు చెప్పే మాట ఖమ్మం దాకా రాదు. ఆవిడకు ఆ ఒక్క సంగతి నెమ్మదిగా చెప్పి చూడండి. మా అత్తగారు ఆ మాట విన్నాకే శాంతించారు.

నా ఇంటర్వ్యూ ఎలా జరిగిందో చెబుతాను. లోపలికి వెళ్లాక మొదట ఒక కిటికీ దగ్గర అక్కడి సిబ్బంది అసలు కాగితాలు ఒక్కొక్కటీ అడిగి తీసుకుని, కంప్యూటర్‌లో ఉన్న నకళ్లతో పోల్చి చూసుకున్నారు. అక్కడ తీరిగ్గా ఏం వెతుక్కున్నా కంగారు పెట్టరు గాని, అడిగిన వెంటనే తీసి ఇస్తే మనకే నిబ్బరంగా ఉంటుంది. తర్వాత చాలాసేపు కూర్చోబెట్టి, టోకెన్ నంబరు రాగానే అధికారి ఉన్న కిటికీకి పంపారు. కుడి చెయ్యి ఎత్తించి, చెప్పేదంతా నిజమేనని ప్రమాణం చేయించారు. ఆ తర్వాత ఆవిడ మొదట అడిగినది మా పెళ్లి ఎవరు కుదిర్చారని. మా మేనమామ అని చెప్పాను. తర్వాత, మీ భర్త మొదటి పెళ్లి గురించి మీకు ఎప్పుడు తెలిసిందని అడిగారు. పెళ్లిచూపుల కంటే ముందే మధ్యవర్తి ద్వారా తెలిసిందనీ, తర్వాత ఆయనే ఫోన్‌లో స్వయంగా చెప్పారనీ అన్నాను. ఎందుకు విడిపోయారు, పిల్లలున్నారా, ఆమెతో ఇప్పుడు సంబంధాలు ఏమైనా ఉన్నాయా అని వరుసగా అడిగారు. తెలిసినంత వరకు రెండు మూడు ముక్కల్లో చెప్పాను. ఒక ప్రశ్నకు జవాబు తెలియక, అది నేను ఆయన్ని అడగలేదని చెప్పేశాను. ఆవిడ తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. అంటే, నిజంగా తెలియనిది తెలియదంటే ఏమీ అనరు. తెలిసింది తెలియదనడమే ముప్పు.

కాబట్టి ఆ ప్రశ్నోత్తరాల పుస్తకం పక్కన పెట్టేయండి. బట్టీ పట్టిన జవాబు ఎలా ఉంటుందో రోజూ వందల మందితో మాట్లాడేవాళ్లకు వినగానే తెలిసిపోతుంది. దానికి బదులు మీరూ మీ వారూ ఒక సాయంత్రం ఫోన్‌లో కూర్చుని, ఐ-130లోనూ డీఎస్-260లోనూ రాసిన ప్రతి తేదీనీ, ప్రతి చిరునామానూ కలిసి చదువుకోండి. మొదటి వివాహం తేదీ, విడాకుల తేదీ, ఏ కౌంటీ కోర్టు, ఆయన ఇప్పటి ఉద్యోగం, పని వేళలు, ఇంట్లో ఇంకెవరుంటారు, ఇవి మీకు నోటికి రావాలి. ఇవి ఏ భార్యకైనా తెలిసే విషయాలే కాబట్టి ఇందులో కోచింగ్ ఏమీ లేదు.

ఫొటోల గురించి దిగులు వద్దు. ఆ బరువైన ఆల్బమ్ మోసుకెళ్లకండి, చూసే తీరిక వాళ్లకు ఉండదు. నిశ్చితార్థం, తలంబ్రాలు, రిసెప్షన్, వ్రతం, సంక్రాంతికి వచ్చినప్పటివి, ఇలా వేర్వేరు సందర్భాలవి, రెండు కుటుంబాల పెద్దలూ కనిపించేవి ఏరి, చిన్న ప్రింట్లు వేయించి, వెనక తేదీ, స్థలం పెన్సిల్‌తో రాసుకోండి. మీ వారి పాస్‌పోర్టులోని ఇమ్మిగ్రేషన్ ముద్రల నకళ్లు, ఆయన టికెట్లు, మీ ఇద్దరి కాల్ లాగ్ కొన్ని నెలలది కూడా ఒక కవరులో ఉంచండి. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లలో దంపతులు ఎక్కువ రోజులు కలిసి ఉండరని ముంబైలో పనిచేసే అధికారులకు బాగా తెలుసు. నన్నయితే ఫొటోలు అడగనే లేదు.

సమాధానం: పాత రికార్డు గది

అమ్మా, రిజిస్ట్రేషన్ శాఖలో చాలాకాలం పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. మా అమ్మాయికీ, మా తమ్ముడి కూతురికీ ఈ వలస కాగితాలు దగ్గరుండి చూశాను. పై సోదరి చెప్పిన దాంతో పూర్తిగా ఏకీభవిస్తూ, పేరు గురించి మాత్రమే రాస్తాను.

మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు వస్తుంది, దాన్ని పొడి అక్షరంగా రాసుకోవడం బడిలోనే అలవాటవుతుంది. పాస్‌పోర్టు దగ్గరికి వచ్చేసరికి దాన్ని విడదీసి వేరే గడిలో వేస్తారు. ఈ తేడా ముంబైలో ప్రతిరోజూ చూసేదే గనుక, పదో తరగతి మెమోలో పొడి అక్షరం ఉన్నంత మాత్రాన ఎవరూ మిమ్మల్ని వెనక్కి పంపరు. నోటరీ చేయించిన ఒక ప్రమాణపత్రంలో ఆ రెండు పేర్లూ ఒకే వ్యక్తివని రాయించి దగ్గర ఉంచుకుంటే చాలు.

కాని జనన ధ్రువపత్రం సంగతి అలా వదిలేయవద్దు. పిల్ల పుట్టగానే ఆసుపత్రి వాళ్లు నమోదు చేయించి, పేరు పెట్టాక ఎవరూ వెళ్లి చేర్పించకపోవడం వల్ల మన దగ్గర ఈ గడి లక్షల పత్రాల్లో ఖాళీగానే ఉండిపోయింది. శిశువు పేరు చేర్పించుకునే వీలు మున్సిపాలిటీలో ఉంది, మీసేవా కేంద్రం ద్వారా కూడా దరఖాస్తు పెట్టవచ్చు. పదో తరగతి మెమో, తల్లిదండ్రుల ఆధార్ పట్టుకుని మీ నాన్నగారిని రేపే పంపండి. ఇంటర్వ్యూకు ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ప్రమాణపత్రాలతో సరిపెట్టుకోవడం కంటే అసలు పత్రాన్నే సరిచేయించుకోవడం మేలు. ఇదే పత్రం మీకు రేపు అమెరికాలో పౌరసత్వం దాకా పనికొస్తుంది. పేరు చేర్చేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే ఇంగ్లీషు గడిలో పడేలా కౌంటరు దగ్గర ఒకటికి రెండుసార్లు చూసుకోమనండి. అక్కడ ఒక్క అక్షరం తప్పు పడితే మళ్లీ మొదటికొస్తుంది.

వివాహ ధ్రువపత్రం సబ్ రిజిస్ట్రారు ఇచ్చినదే కావాలి. గుడిలో ఇచ్చిన రసీదు, పెళ్లి శుభలేఖ తోడుగా ఉంటే మంచిదే గాని వాటికి ఆ విలువ లేదు. పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్‌ను పాస్‌పోర్టు సేవా ద్వారానే తీసుకోవాలి, స్థానిక ఠాణా ఇచ్చే కాగితం చెల్లదు. మీరు నర్సు గనుక అడుగుతున్నాను, గల్ఫ్‌లో గాని మరెక్కడైనా గాని ఏడాది, అంతకు మించి పనిచేసి ఉంటే ఆ దేశపు పోలీసు పత్రం కూడా పెట్టాలి. వీసా వచ్చే దాకా పాస్‌పోర్టులో ఇంటిపేరు మాత్రం మార్పించుకోకండి. పెళ్లయింది కదా, మా ఇంటిపేరు చేర్చాలని ఎవరైనా తొందరపెడితే, అక్కడికి వెళ్లాక చేసుకుంటానని మర్యాదగా చెప్పండి.

సమాధానం: డాలస్ బాబాయి

మీరు రాబోతున్నది మా ఊరికే గనుక ముందుగా స్వాగతం. నేను స్పాన్సర్ సంగతీ, రెండేళ్ల సంగతీ చెబుతాను.

ఐ-864 అనే ఆర్థిక హామీ పత్రంలో చూసేది మీ వారి ప్రస్తుత ఆదాయం. కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి అమెరికా ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరిక స్థాయికి 125 శాతం ఉండాలి. మొదటి వివాహంలో పిల్లలుండి వారు ఆయన మీద ఆధారపడి ఉంటే వారినీ లెక్కలోకి తీసుకోవాలి. ఐటీ ఉద్యోగం చేసేవాళ్లకు ఆ హద్దు దాటడం కష్టం కాదు. నిరుడు కొన్ని నెలలు ఖాళీగా ఉన్నందువల్ల పన్ను రిటర్నులో ఆదాయం తక్కువ కనిపించినా, ఇప్పటి యజమాని ఇచ్చిన ఉద్యోగ ధ్రువీకరణ లేఖ, ఇటీవలి పే స్టబ్‌లు, అంటే జీతం చీటీలు, ఉంటే అధికారికి సరిపోయే అవకాశమే ఎక్కువ. నేషనల్ వీసా సెంటర్‌కు మీరు ఎక్కించినవి పాత ఉద్యోగానివైతే, కొత్తవి ప్రింటు తీసి తప్పకుండా ముంబైకి పట్టుకెళ్లండి. ఇంట్లో డబ్బు, షేర్లు ఉంటే ఆదాయం తగ్గినంత మేరకు వాటినీ చూపవచ్చు. పౌరుడి భార్య విషయంలో ఆ లోటుకు మూడు రెట్లు ఆస్తి ఉంటే చాలు.

మీ బావగారు సంతకం చేస్తాననడం ఆయన మంచితనం. అయితే మనవాళ్లు దీన్ని పెళ్లికి సాక్షి సంతకంలా భావిస్తారు, అది నాకు ఎప్పుడూ మింగుడుపడదు. అది అమెరికా ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందం. మీకు పౌరసత్వం వచ్చేదాకా, లేదా సోషల్ సెక్యూరిటీ లెక్కలో 40 త్రైమాసికాల పని, అంటే సుమారు పదేళ్లు, మీ ఖాతాలో పడేదాకా, లేదా మీరు ఆ దేశం శాశ్వతంగా విడిచి వెళ్లేదాకా ఆ బాధ్యత ఆయన మీద ఉంటుంది. మధ్యలో విడాకులైనా అది తీరదు. అందుకని అవసరం లేకుండా ఎవరి చేతా సంతకం పెట్టించవద్దు. ముందు మీ వారి కాగితాలతోనే వెళ్లండి. అధికారికి చాలదనిపిస్తే 221(జి) కింద ఒక చీటీ ఇచ్చి సహ స్పాన్సర్ కాగితాలు పంపమంటారు. అది తిరస్కరణ అని భయపడనక్కరలేదు, అడిగినవి పంపితే కేసు ముందుకు కదులుతుంది. కొన్ని వారాలు ఆలస్యమవుతుంది, అంతే. ఆ ఆలస్యం కూడా వద్దనుకుంటే బావగారి పత్రం ముందే సిద్ధం చేయించి మీ ఫైలులో పెట్టుకోండి, అడిగితేనే బయటికి తీయండి.

ఇక రెండేళ్ల లెక్క. అమెరికా విమానాశ్రయంలో మీకు ప్రవేశం ఇచ్చే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే సీఆర్1 కింద రెండేళ్ల షరతులతో కూడిన కార్డు ఇస్తారు. నిండితే ఐఆర్1 కింద పదేళ్ల కార్డు. లెక్కలోకి వచ్చేది వీసా ముద్ర పడిన తేదీ కాదు, దేశంలో అడుగుపెట్టే తేదీ. రెండేళ్ల కార్డు వస్తే, దాని గడువు ముగియడానికి ముందున్న 90 రోజుల్లో దంపతులిద్దరూ కలిసి ఐ-751 దరఖాస్తు వేసి, ఉమ్మడి ఖాతాలు, అద్దె ఒప్పందాలు, పన్ను రిటర్నులు అన్నీ మళ్లీ చూపించాలి. దానికి రుసుము, ఏళ్ల తరబడి ఎదురుచూపు. మరిచిపోతే హోదాకే ఎసరు. మీకు వచ్చే నెల ఇంటర్వ్యూ జరిగి వీసా వస్తే, రెండేళ్లు నిండడానికి మిగిలేది కొన్ని వారాలు మాత్రమే. వీసా గడువు సాధారణంగా వైద్య పరీక్ష నాటి నుంచి ఆరు నెలల వరకు ఉంటుంది కాబట్టి ఆ వారాలు ఆగినా ఇబ్బంది లేదు. నా సలహా అయితే నిస్సందేహంగా ఆగమనే. రెండేళ్ల వార్షికోత్సవం దాటాక మరో రెండు మూడు రోజులు వదిలి టికెట్టు తీసుకోండి. వీసా మీద సీఆర్1 అని ఉంటుంది కాబట్టి, దిగిన చోట అధికారికి వివాహ ధ్రువపత్రం చూపించి, రెండేళ్లు నిండాయి, ఐఆర్1గా నమోదు చేయండి అని మీరే అడగాలి. వాళ్లంతట వాళ్లు గమనిస్తారని వదిలేయవద్దు. ముద్ర వేశాక అక్కడే నిలబడి ఏ అక్షరాలు రాశారో చూసుకోండి. అబుదాబి మీదుగా వస్తే అమెరికా ఇమ్మిగ్రేషన్ తనిఖీ అక్కడే పూర్తవుతుంది గనుక ఈ మాట అక్కడే చెప్పాలి.

మున్నేటి ఒడ్డు

ఇంత ఓపికగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. అక్కయ్య గారూ, మీరు రాసినది నిన్న రాత్రి మా అత్తగారికి ఫోన్‌లో చదివి వినిపించాను. మొదట మౌనంగా ఉన్నా, ఆ కాగితం ముందే వాళ్ల దగ్గర ఉందంటే ఇక దాచేదేముందని ఆవిడే అన్నారు. బాబాయి గారూ, ప్రయాణం వార్షికోత్సవం దాటాకే పెట్టుకుంటాం. పెద్దాయన చెప్పినట్టు నాన్నగారు మున్సిపాలిటీకి వెళ్లి దరఖాస్తు ఇచ్చి వచ్చారు. మరో రెండు సందేహాలు మిగిలాయి. వైద్య పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి? అక్కడ నర్సుగా పనిచేయాలంటే ఇక్కడి నుంచి బయలుదేరేలోపే ఏమేం చూసుకోవాలి?

సమాధానం: ఐసీయూ డ్యూటీ

నేను విజయవాడలో నర్సింగ్ చదివి ఇప్పుడు టెక్సాస్‌లోనే పనిచేస్తున్నాను. మీ రెండు ప్రశ్నలూ నా దారిలోవే.

వైద్య పరీక్ష ఇంటర్వ్యూకు ముందే పూర్తి కావాలి, అది కూడా కాన్సులేట్ గుర్తించిన పానెల్ వైద్యుల దగ్గరే. ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్షలు, టీకాల లెక్క చూస్తారు. చిన్ననాటి టీకా కార్డు, ఉద్యోగంలో వేయించుకున్న హెపటైటిస్ బి డోసుల రికార్డు ఉంటే తీసుకెళ్లండి, వేసినవే మళ్లీ వేయించుకునే బాధ తప్పుతుంది. మనం ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లం కాబట్టి ఒక మాట చెప్పాలి. ఎక్స్‌రేలో క్షయ మచ్చ ఏదైనా కనిపిస్తే కఫం కల్చర్ చేయిస్తారు, దాని ఫలితానికి ఎనిమిది వారాలు పడుతుంది. పాత ఎక్స్‌రేలు, గతంలో ఎప్పుడైనా చికిత్స జరిగి ఉంటే ఆ కాగితాలు దగ్గర పెట్టుకోండి. ఈ కారణంగానే పరీక్షను ఇంటర్వ్యూ ముందు రోజుకు వాయిదా వేయకండి. అలాగని మరీ ముందుగా చేయించుకుంటే వీసా గడువు ఆ మేరకు తగ్గిపోతుంది. గర్భం ఉందేమోనని అనుమానం ఉంటే మొదటే చెప్పండి, ఎమ్మెమ్మార్, ఆటలమ్మ టీకాలు అప్పుడు వేయకూడదని మీకు తెలిసిందే.

ఇక లైసెన్సు. అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష అయిన ఎన్‌క్లెక్స్ రాయడానికి ముందు మీ చదువును అమెరికా సంస్థ చేత మూల్యాంకనం చేయించాలి. దానికి మీ కాలేజీ నుంచి ట్రాన్స్‌క్రిప్టు, నర్సింగ్ కౌన్సిల్ నుంచి రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ నేరుగా ఆ సంస్థకు వెళ్లాలి, మన చేతి మీదుగా పంపితే ఒప్పుకోరు. ఏ కాలేజీ ఆఫీసులోనైనా ఈ పని ఎలా నడుస్తుందో మీకు చెప్పనక్కరలేదు. మనిషి ఎదురుగా నిలబడితే కదిలే ఫైలు, డాలస్ నుంచి ఫోన్ చేస్తే కదలదు. అందువల్ల వీసా తేలే దాకా ఆగకుండా ఈ వారమే దరఖాస్తు పెట్టండి. క్లినికల్ గంటల లెక్క సబ్జెక్టుల వారీగా రాసి ఉండాలి, మొత్తం గంటలు మాత్రమే వేసి ఇస్తే తిప్పి పంపుతారు. మీరు పనిచేసిన ప్రతి ఆసుపత్రి నుంచి వార్డు పేరుతో సహా అనుభవ పత్రం తీసుకోండి. టెక్సాస్‌లో ఎన్‌క్లెక్స్‌తో పాటు ఆ రాష్ట్రపు నర్సింగ్ చట్టాల మీద వేరే పరీక్ష కూడా ఉంటుంది, అది మాత్రం వచ్చాక చదువుకోవచ్చు.

బయలుదేరే ముందు అమెరికా వలస శాఖ యూఎస్‌సీఐఎస్‌కు ఇమ్మిగ్రెంట్ రుసుము ఆన్‌లైన్‌లో కట్టండి, అది కట్టకపోతే కార్డు అచ్చుకాదు. కార్డు చేతికి అందేలోపు పాస్‌పోర్టులోని ముద్ర పడిన వీసాయే ఏడాది పాటు ఆధారంగా పనిచేస్తుంది, ఉద్యోగానికీ అదే చూపవచ్చు. డీఎస్-260లో సోషల్ సెక్యూరిటీ కార్డు కావాలని టిక్కు పెట్టి ఉంటే అది పోస్టులో ఇంటికే వస్తుంది. మీ వారి ఆఫీసు ఆరోగ్య బీమాలో మిమ్మల్ని చేర్చడానికి గడువు తరచుగా 30 రోజులే ఉంటుంది కాబట్టి ఆయన్ని ముందే హెచ్‌ఆర్‌ను అడిగి ఉంచమనండి.

సామాను గురించి మీరు అడగకపోయినా చెబుతాను. ఆవకాయ, కారప్పొడులు గట్టిగా మూతబిగించి చెక్‌ఇన్ పెట్టెలో వేసుకోవచ్చు, దిగాక కస్టమ్స్ వాళ్లకు ఆహార పదార్థాలున్నాయని చెప్పండి. పచ్చి కరివేపాకు మాత్రం తేకండి, నిమ్మ జాతి చెట్లకు తెగులు అంటించే పురుగులు దాని మీద ఉంటాయని అక్కడ నిషేధించారు. నా ముందు నిలబడిన ఒక పెద్దావిడ చీర మడతల మధ్య దాచి తెచ్చిన కట్టను తీయించి పారేశారు. నగలు ఎక్కువగా తీసుకెళ్తే హైదరాబాద్ విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎక్స్‌పోర్టు సర్టిఫికెట్ తీసుకోండి, రేపు అవే నగలతో పుట్టింటికి వచ్చినప్పుడు సుంకం గొడవ ఉండదు.

సమాధానం: డాలస్ బాబాయి

పై సోదరి చెప్పినవాటికి ఒకటి చేర్చాలి. మీ పేరున గాని, మీ అమ్మగారితో ఉమ్మడిగా గాని బ్యాంకు ఖాతాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉంటే వాటి జాబితా ఇప్పుడే రాసుకుని తీసుకురండి. గ్రీన్ కార్డు వచ్చాక మీరు అక్కడి పన్ను చట్టం కిందికి వస్తారు. విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక వేయాలి, పన్ను కట్టాల్సినదేమీ లేకపోయినా సరే. ఉమ్మడి ఖాతాలో డబ్బు అమ్మదే అయినా మొత్తం లెక్కలోకి వస్తుంది కాబట్టి, పేరుకు మాత్రమే ఉన్న ఖాతాల నుంచి బయలుదేరేలోపు మీ పేరు తీయించుకోవడం సులువు. మిగిలిన సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండేవారి ఖాతాగా, మార్పించండి. డ్రైవింగ్ వచ్చి లైసెన్సు ఉంటే ఖమ్మం ఆర్టీఓ ఆఫీసులో అంతర్జాతీయ పర్మిట్ కూడా తీసుకోండి, టెక్సాస్‌లో స్థిరపడ్డాక 90 రోజుల్లోపు అక్కడి లైసెన్సుకు మారాలి.